సరమ అడిగిన ప్రశ్నకు జవాబేది?

మహాభారత కథ ఒక కుక్కపిల్లకు తగిలిన దెబ్బలతో మొదలవుతుందన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండదు. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు ఆడుకుంటూ వచ్చాడు. హవిస్సును ముట్టలేదు, దాని వైపు చూడనైనా లేదు. అయినా రాజు తమ్ముళ్లు ఆ పిల్లను చితకబాదారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డ గోడు విని సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లింది. ఏ తప్పూ చేయనివాణ్ని ఎందుకు కొట్టారని నిలదీసింది. అక్కడున్న వారెవరి దగ్గరా జవాబు లేదు. ఆలోచన లేకుండా బలహీనులను హింసించేవారిని ఊహించని భయాలు వెన్నాడతాయని హెచ్చరించి ఆమె వెళ్లిపోయింది. ఆదికవి నన్నయ ఆదిపర్వంలో చెప్పిన ఈ చిన్న కథకూ, మహాప్రస్థానంలో తన వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు నిలబడిన ఘట్టానికీ మధ్య ఒక మహాయుద్ధం, ఒక వంశనాశనం ఉన్నాయి.

సరమ ప్రశ్న 2025లో మన సర్వోన్నత న్యాయస్థానం ముందుకు మరో రూపంలో వచ్చింది. ఢిల్లీలో కుక్కకాట్లు, ర్యాబిస్ మరణాలపై వెలువడిన ఒక పత్రికా కథనాన్ని జూలై 28న సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆగస్టు 11న జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్‌ల ధర్మాసనం దేశ రాజధాని ప్రాంతంలోని వీధికుక్కలన్నింటినీ ఎనిమిది వారాల్లో పట్టి షెల్టర్లకు తరలించాలని, తిరిగి వీధుల్లోకి వదలరాదని ఆదేశించింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, జస్టిస్ విక్రమ్ నాథ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలాలని, ర్యాబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం విడిగా ఉంచాలని చెప్పింది. దత్తత తీసుకోదలచినవారికి తలుపు తెరిచింది. నవంబర్ 7న మరో ఉత్తర్వు వచ్చింది. పాఠశాలలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించి షెల్టర్లలో ఉంచాలని, మళ్లీ అక్కడ వదలరాదని దాని సారాంశం.

ఈ ఉత్తర్వుల చుట్టూ జరిగిన రభసలో రెండు గొంతులే వినిపించాయి. కుక్కలను ముట్టుకుంటే ఊరుకోమన్నవారు ఒకవైపు, అన్నింటినీ ఊడ్చిపారేయమన్నవారు మరోవైపు. టెలివిజన్ చర్చలకు అంతకంటే ఏం కావాలి? కానీ ఒక ప్రాథమిక ప్రశ్న ఆ హోరులో కొట్టుకుపోయింది. వల విసిరి పట్టి, వ్యాన్‌లో పడేసి, ముక్కూమొహం తెలియని వందల జంతువుల మధ్య బోనులో తోసిన కుక్క ఆ తర్వాత మనిషిని ఎలా చూస్తుంది? దాన్ని దత్తత ఇస్తామంటున్నాం, తిరిగి వీధిలో వదులుతామంటున్నాం, ఏటా టీకా వేస్తామంటున్నాం. ఈ మూడింటిలో ఏది జరగాలన్నా ఆ జంతువు మనిషిని కొంతైనా నమ్మాలి కదా? ఆ నమ్మకం ఎక్కడ నుంచి వస్తుంది?

తెలుగులో కుక్కకు మరో పేరే విశ్వాసం. ఎవరైనా మేలు మరచిపోతే కుక్కకున్న విశ్వాసమైనా లేదంటాం. మొత్తం బాధ్యతను కుక్క మీద పెట్టిన మాట ఇది. విశ్వాసం చూపవలసింది అది, అనుభవించవలసింది మనం. మనిషి తన వైపు నుంచి విశ్వాసాన్ని సంపాదించుకోవాలన్న ఆలోచనకు మన సామెతల్లో చోటు లేదు. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెతే ఇప్పటికీ మన పురపాలక విధానం.

దెబ్బలు తిన్న కుక్కను నిజంగా దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, అది కోపంగా ఉన్న జంతువు కాదని. తోక కాళ్ల మధ్య దోపుకుని, చెవులు వెనక్కి వాల్చి, శరీరాన్ని నేలకు అదిమి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూస్తుంది. ఆకలి లేకుండానే పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. బిగుసుకుపోయి కదలకుండా నిలబడుతుంది. మనం దాన్ని చూసి ఎంత బుద్ధిమంతురాలో అనుకుంటాం. నిజానికి పారిపోయే దారి కనబడకపోవడం వల్ల వచ్చిన నిశ్చలత్వం అది. అప్పటికీ మనిషి వినకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ హెచ్చరికను మానేస్తుంది. భయం మాత్రం పోదు. మరోసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. కుక్కకాటు వార్తల్లో ‘ఏ కారణం లేకుండా కరిచింది’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో కారణం ఉంటుంది. దాన్ని చెప్పే భాషను మనమే దాని నోట్లోంచి లాగేసి ఉంటాం.

మన దేశంలోనే ఈ విషయంపై గట్టి పరిశోధన జరిగింది. కోల్‌కతాలోని ఐసర్‌లో శాస్త్రవేత్త అనిందితా భద్ర నేతృత్వంలోని బృందం ఏళ్ల తరబడి బెంగాల్ వీధికుక్కల ప్రవర్తనను అధ్యయనం చేస్తోంది. 2017లో వారు ప్రచురించిన ఒక అధ్యయనం ఆసక్తికరమైన సంగతి చెప్పింది. అపరిచితుడు పదేపదే ఎదురైనప్పుడు వీధికుక్కలు అతడిని నమ్మడానికి అదనంగా పెట్టిన తిండి కన్నా ప్రేమగా నిమిరిన చేయి ఎక్కువ తోడ్పడింది. మన వీధికుక్కను తిండికోసం తిరిగే పొట్టజీవిగా చూసే అలవాటును ఇది ప్రశ్నించింది. 2020లో అదే బృందం మరో ప్రయోగం చేసింది. ఏ శిక్షణా లేని వీధికుక్కల ముందు రెండు గిన్నెలుంచి, ఒకదాని వైపు వేలు చూపించారు. దగ్గరకు వచ్చిన కుక్కల్లో సుమారు 80 శాతం ఆ వేలు చూపిన దిక్కుకే వెళ్లాయి. కానీ దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరకే రాలేదు. అవి ఆందోళనతో ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. మనుషుల వల్ల గతంలో ఎదురైన చేదు అనుభవాలే అందుకు కారణం కావచ్చని భావించారు.

మన విధానకర్తలు ఆలోచించవలసింది ఆ సగం గురించి. మనిషి వేలిని చదవగల తెలివి ఉండి కూడా మనిషి దరిదాపులకు రాని జీవుల గురించి. నిమిరితే నమ్మే కుక్కలు కొన్ని ఉన్నాయని తెలుసుకుని, దెబ్బలు తిన్న ప్రతి కుక్క తలమీదా చేయి వేయబోతే కథ అడ్డం తిరుగుతుంది. తల మీదికి దిగివచ్చే చేయి దాని జ్ఞాపకంలో కర్ర పట్టిన చేయి.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కలపై ఒక క్రూరమైన ప్రయోగం చేశారు. కొన్ని కుక్కలకు విద్యుదాఘాతాన్ని తలతో ఒక పలకను నొక్కి ఆపుకునే వీలు కల్పించారు. మరికొన్నిటికి ఆ వీలు లేదు, ఏం చేసినా ఆఘాతం తన సమయానికి గానీ ఆగదు. తర్వాత రెండు గుంపులనూ చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో ఉంచారు. దూకితే చాలు, బాధ తప్పుతుంది. మొదటి గుంపు కుక్కలు దూకాయి. రెండో గుంపులో ఎక్కువ భాగం పడుకుని మూలుగుతూ ఉండిపోయాయి. నేర్చుకున్న నిస్సహాయత అని దానికి పేరు పెట్టారు. ఆ పేరు తర్వాత మానవ సమాజాల గురించిన చర్చల్లోకీ వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 2016లో, అదే ఇద్దరు శాస్త్రవేత్తలు మెదడు పరిశోధనల వెలుగులో తమ సిద్ధాంతాన్ని తలకిందులు చేశారు. నిస్సహాయత నేర్చుకున్నది కాదు. సుదీర్ఘమైన బాధకు జీవి సహజంగా ఇచ్చే స్పందన అదేనన్నారు. నేర్చుకోవలసింది పరిస్థితి తన అదుపులో ఉందన్న భావనని అన్నారు.

భయపడిన కుక్క నమ్మకాన్ని సంపాదించే విద్య మొత్తానికి ఈ మాటే పునాది. రక్షించిన కుక్కలతో ఏళ్లుగా పనిచేస్తున్నవారు సిద్ధాంతం చదవకపోయినా అనుభవంతో ఇదే చెబుతారు. మొదటి రోజుల్లో ఏమీ చేయకపోవడమే చేయవలసిన పని. వెనుక గోడ, ముందు తప్పుకునే దారి ఉన్న నిశ్శబ్దమైన మూల ఒకటి దానికి కేటాయించాలి. ఆ మూలలోకి మనిషి చేయి వెళ్లకూడదు. ఎదురుగా నిలబడి వంగి చూడకుండా, పక్కకు తిరిగి నేలమీద కూర్చోవాలి. కళ్లలోకి చూడకూడదు. తిండి ఒకే వేళకు, ఒకే చోట పెట్టాలి. దగ్గరకు రావాలా వద్దా అన్న నిర్ణయం దానిదే. వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి. వెనక్కి వెళ్లగలనని తెలిసినందువల్లనే అది మరోసారి ముందుకు వస్తుంది. తాకవలసిన రోజు వచ్చినప్పుడు చేయి తల మీదికి కాక ఛాతీ వైపు, కింది నుంచి రావాలి. రెండు క్షణాలు నిమిరి చేయి తీసేయాలి. ఇంకా కావాలని ముందుకు జరిగితే కొనసాగించాలి, మొహం తిప్పుకుంటే ఆపేయాలి. మూడు రోజుల్లో బెదురు కాస్త తగ్గుతుందని, మూడు వారాల్లో ఇంటి పద్ధతి తెలుస్తుందని, మూడు నెలల్లో తనదన్న భావన వస్తుందని రక్షకుల్లో ఒక వాడుక లెక్క ఉంది. తీవ్రంగా హింసకు గురైన కుక్కలకు ఆ లెక్క చాలదు.

ఢిల్లీలో నేనుండే వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అలాంటి కుక్కను ఇంటికి తెచ్చుకున్నారు. ఎవరి చేతిలోనైనా చీపురు కనిపిస్తే చాలు, అది మంచం కిందికి దూరి అక్కడే మూత్రం పోసేది. ఆమె చీపురును దాచేయలేదు. గది మూలన నేలమీద పడుకోబెట్టి, దానికి చాలా దూరంలో అన్నం గిన్నె పెట్టారు. కుక్క నింపాదిగా తిన్న రోజున మర్నాడు గిన్నెను జానెడు ముందుకు జరిపారు. తినడం ఆపి తలెత్తి చూసిన రోజున వెనక్కి జరిపారు. కొన్ని వారాలకు అది చీపురు పక్కనే కూర్చుని తిన్నది. ఆ చీపురును చేతిలోకి తీసుకోవడం మళ్లీ మరో పాఠం, అది మొదటి నుంచి మొదలు. ‘బడిలో అయినా ఇంతే కదండీ, బెత్తం పట్టుకుని ఎవరికి ఏం నేర్పగలిగాం?’ అన్నారామె. శాస్త్రీయ పరిభాషలో దీనికి పెద్ద పేర్లున్నాయి. భయపెట్టే వస్తువును భయం కలగనంత దూరంలో ఉంచి, దానితో పాటు ఒక మంచి అనుభవాన్ని జోడించడమే వాటన్నిటి అర్థం. భయం పోవాలంటే భయపెట్టే దాని ముందు బలవంతంగా నిలబెట్టాలన్న మొరటు వైద్యం దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. అది భయాన్ని ముదిరిస్తుంది.

ఇదంతా మధ్యతరగతి ఇంటి వ్యవహారం, దేశ రాజకీయాలు రాసేవాడికి దీనితో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ప్రజారోగ్యం రీత్యా చూస్తే పని ఉంది. ర్యాబిస్‌ను అదుపు చేయాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకసారి వేస్తే చాలదు, క్రమం తప్పక వేయాలి. మెడకు ఉరి బిగించి, ఈడ్చి వ్యాన్‌లో పడేసిన కుక్కకు వచ్చే ఏడాది ఆ వ్యాన్ శబ్దం వీధి మొదట్లో వినిపించగానే అది మాయమవుతుంది. అది మాయమైతే దాని టీకా కూడా మాయమైనట్టే. 2023లో కేంద్రం నోటిఫై చేసిన జంతు సంతాన నియంత్రణ నిబంధనలు కుక్కలను మానవీయంగా పట్టాలని, పట్టిన చోటే వదలాలని చెబుతున్నది జాలితో మాత్రమే కాదు. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తే వచ్చే కుక్కకు నిమిషంలో సూది వేయవచ్చు. నమ్మకం తెగిన కుక్కకు నలుగురు మనుషులు, ఒక వల, అరగంట పరుగు కావాలి. నమ్మకం ప్రభుత్వానికి డబ్బు ఆదా చేస్తుంది.

గోవా ఇందుకు మన కళ్ల ముందున్న ఉదాహరణ. 2013లో మొదలైన మిషన్ ర్యాబిస్ కార్యక్రమంతో ఆ రాష్ట్ర ప్రభుత్వం చేతులు కలిపింది. ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి ఏటా టీకాలు వేశారు. బడిపిల్లలకు కుక్కల దగ్గర ఎలా మసలాలో నేర్పారు. 2021లో గోవాను ర్యాబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. పక్కనే ఉన్న భూటాన్ 2009 నుంచి ఓపికగా పనిచేసి, లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్సలు చేసి, 2023లో తమ వీధికుక్కలన్నింటికీ సంతాన నియంత్రణ పూర్తయిందని ప్రకటించింది. ఈ రెండు చోట్లా కుక్కలను ఊడ్చిపారేయలేదు. ఫలితాలకు పట్టింది ఎనిమిది వారాలు కాదు, ఎనిమిదేళ్లు, పద్నాలుగేళ్లు.

కుక్క భయం గురించి ఇంత మాట్లాడి మనిషి భయాన్ని విస్మరిస్తే అది అన్యాయం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కల గుంపు చంపిన దృశ్యాన్ని మనం మరచిపోలేదు. ఆ తండ్రి కాపలాదారుగా పనిచేసే చోటికి సెలవురోజున వెంట వచ్చిన పిల్లవాడు అతడు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదైనట్టు, 54 మంది ర్యాబిస్‌తో మరణించినట్టు అనుమానిస్తున్నామని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల అంచనా ప్రకారం ఆ మరణాలు ఏటా సుమారు 5,700. రెండు అంకెల మధ్య ఉన్న ఆ అగాధంలో కూలీలు, పల్లెజనం, పిల్లలు ఉన్నారు. కారులో తిరిగే వారిని కుక్కలు తరమవు. తెల్లవారుజామున చెత్త ఏరుకునే అమ్మాయికి, రాత్రిపూట డ్యూటీ ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వెళ్లే కాపలాదారుకు ఆ భయం తెలుసు. గేటెడ్ కాలనీల నుంచి కరుణ గురించి ఉపన్యాసాలు వినే ఓపిక వారికి ఉండనక్కరలేదు.

కానీ ఆ భయానికి ప్రభుత్వాలు ఇచ్చిన సమాధానాలను చూడండి. 2001 నుంచీ సంతాన నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. పాతికేళ్లలో వాటిని నిజాయితీగా అమలు చేసిన నగరాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. 2025 ఆగస్టు నాటికి దేశ రాజధాని నగరపాలక సంస్థ చేతిలో ఉన్నవి సుమారు 20 సంతాన నియంత్రణ కేంద్రాలు. అవి శస్త్రచికిత్స తర్వాత కొద్ది రోజులు ఉంచడానికి కట్టినవే తప్ప జీవితాంతం పోషించడానికి కాదు. చెత్తకుప్పలు అలాగే ఉన్నాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉంటాయో లేదో తెలియదు. బాధితుడి కోపం పాలకుల వైపు తిరగకుండా కుక్క వైపు తిప్పడం మాత్రం సులభం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామంలో ముసుగులు వేసుకున్నవారు వచ్చి సుమారు 20 కుక్కలను కాల్చి చంపారు. యంత్రాంగం పని చేయని చోట తుపాకీ పని చేస్తుంది. దాన్ని చూసిన పిల్లలు ఏం నేర్చుకుని ఉంటారు?

ఈ తగవు కొత్తది కాదు. 1832 జూన్‌లో బొంబాయిలో వీధికుక్కలను చంపించే బ్రిటిష్ పోలీసు చర్యకు వ్యతిరేకంగా పార్సీలు వీధుల్లోకి వచ్చారు, నగరం స్తంభించింది. 1926లో అహ్మదాబాద్ మిల్లు యజమాని ఒకరు 60 కుక్కలను చంపించినప్పుడు ఆ చర్యను గాంధీజీ సమర్థించడం పెద్ద దుమారం లేపింది. యంగ్ ఇండియాలో వరుస వ్యాసాలు రాస్తూ ఆయన వేసిన ప్రశ్న మాత్రం రెండు పక్షాలకూ ఇబ్బందికరమైనది. కుక్కకు ఒక ముద్ద విసిరి, దాని బాధ్యత తీసుకోకుండా వీధికి వదిలేయడం దయ ఎలా అవుతుందని ఆయన అడిగారు. ఆయన ముగింపుతో నేను ఏకీభవించను. శస్త్రచికిత్స, టీకా అనే మార్గాలు అందుబాటులో ఉన్న కాలంలో చంపడానికి సమర్థన లేదు. కానీ బాధ్యత లేని దయ గురించి ఆయన అన్నది నేటికీ సత్యం. తిండి పెట్టేవారు టీకా బాధ్యతలో, శస్త్రచికిత్సకు అప్పగించే బాధ్యతలో భాగం కావాలి.

చట్టం సంగతి చూద్దాం. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు స్ఫూర్తితో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద జంతువును చిత్రహింస పెట్టినవాడికి మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈనాటికీ అదే. 2022లో సవరణ ముసాయిదా ఒకటి ప్రజల ముందుకు వచ్చింది, అక్కడే ఆగిపోయింది. జంతువును చంపడం, అంగవికలం చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకూ శిక్షార్హమే. కానీ చంపకుండా, కాలు విరగకుండా, రోజూ కొడుతూ ఒక జీవిని భయానికి బానిసను చేసినవాడు యాభై రూపాయల నోటు పారేసి నవ్వుతూ వెళ్లిపోవచ్చు. సకల జీవుల పట్ల కారుణ్యం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ(జి) అధికరణంలో రాసుకున్న దేశం మనది.

కోర్టులు, ప్రభుత్వాలు షెల్టర్లను నిర్మించక తప్పదనుకుంటే, అవి ఎలా ఉండాలో కూడా చెప్పాలి. వందల కుక్కలను ఒకే రేకుల షెడ్డులో కుక్కితే భయం అంటువ్యాధిలా పాకుతుంది. చిన్న గదులు, దాక్కునే చోటు, రోజూ కనిపించే ఒకే మనుషులు కావాలి. అమెరికాలో తీవ్రంగా హింసకు గురై భయంతో కుంగిపోయిన కుక్కల కోసమే ఏఎస్‌పీసీఏ అనే సంస్థ నార్త్ కరొలైనాలో ఒక పునరావాస కేంద్రం నడుపుతోంది. దత్తతకు పనికిరావని ఒకప్పుడు చంపేసే అటువంటి కుక్కల్లో ఎనభై శాతానికి పైగా అక్కడి శిక్షణతో ఇళ్లకు చేరాయి. మనకు అంత ఖరీదైన భవనాలు అక్కరలేదు. హైదరాబాద్‌లో 1992 నుంచి, చెన్నైలో అంతకుముందు నుంచే పనిచేస్తున్న బ్లూక్రాస్ వంటి సంస్థల అనుభవం ఉంది. వాటికి తోడుగా కుక్కలు పట్టే కార్మికులకు శిక్షణ, గౌరవప్రదమైన జీతం, వారికి ముందస్తు ర్యాబిస్ టీకా ఇవ్వగల పురపాలక సంఘాలు కావాలి. కుక్కలు పట్టేవాడు మన సమాజంలో అట్టడుగున ఉన్న కాంట్రాక్టు కూలీ. ఎన్ని కుక్కలు పట్టాడన్న లెక్క మీద అతడికి కూలీ ఇచ్చి, ఓపికగా పట్టమని నిబంధనల్లో రాస్తే ఆ నిబంధన ఎవరి కోసం?

దత్తత తీసుకునేవారికీ ఒక మాట. వీధికుక్కను ఇంటికి తేవడం ఇప్పుడు ఒక చక్కని ధోరణి. మొదటి వారం మంచం కింద నుంచి బయటకు రాకపోతే, అతిథి చేయి కొరకబోతే, దాన్ని తిరిగి వీధిలో వదిలి వచ్చేవారూ ఉన్నారు. సుప్రీంకోర్టు తన ఆగస్టు 22 ఉత్తర్వులో దత్తత తీసుకున్న కుక్కలు మళ్లీ వీధిపాలు కాకూడదని చెప్పింది అందుకే. ఒకసారి మోసపోయిన కుక్కను మళ్లీ మోసం చేయడం మొదటి దెబ్బ కంటే ఘోరం. కృతజ్ఞత ఆశించి తెచ్చుకోవద్దు. మీరు దాన్ని రక్షించారన్న సంగతి దానికి తెలియదు. ఆ రోజు మళ్లీ ఎవరో పట్టుకున్నారని మాత్రమే దానికి తెలుసు.

అధికారం ఉన్నవారు భయపడినవారి నమ్మకాన్ని ఆదేశంతో పొందాలనుకోవడం మన రాజకీయాల్లో పాత జబ్బు. బుల్డోజర్ నడిపించిన బస్తీలో మర్నాడు సర్వేకు వచ్చిన అధికారికి ఎవరూ తలుపు తీయరు. ఇంటర్నెట్ నెలల తరబడి నిలిపేసిన చోట అభివృద్ధి ప్రకటనలను ఎవరూ నమ్మరు. ప్రజలను కుక్కలతో పోలుస్తున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు, పోలిక పాలకుల గురించి. వారి చేతి అలవాటు ఎదురుగా ఉన్నది ఎవరైనా మారదు. ముందు బెదిరించి, తర్వాత బుజ్జగించి, అప్పటికీ దగ్గరకు రాకపోతే నమ్మకద్రోహమని ముద్ర వేస్తుంది. దెబ్బ తిన్నవారు దూరంగా నిలబడి చూస్తున్నప్పుడు వారికి నిలబడే హక్కు, వెనక్కి వెళ్లే దారి ఇవ్వగలిగిన చేతికే ఎప్పుడో ఒకనాడు నమ్మకం దక్కుతుంది.

ఎనిమిది వారాల్లో కుక్కలన్నింటినీ పట్టవచ్చేమో. ఎనిమిది వారాల్లో ఒక్క కుక్క నమ్మకాన్ని సంపాదించినవారు మాత్రం తాము అదృష్టవంతులమనుకుంటారు. విధానాలు రాసేవారు ఈ రెండో గడువును కూడా దృష్టిలో పెట్టుకుంటే వీధిలో పిల్లలకూ, ఆ వీధిలోనే పుట్టిన జీవులకూ మేలు జరుగుతుంది.